దసరాకొచ్చే చుట్టం

విజయదశమి సాయంత్రం జమ్మిచెట్టు దగ్గరకు బయల్దేరిన వాళ్ల చూపులన్నీ కరెంటు తీగల మీదే ఉంటాయి. ఆ రోజు పాలపిట్ట కనబడితే ఏడాదంతా శుభమని నమ్మకం. నీలి రెక్కలు విప్పి అది తీగ మీంచి చేలోకి దూకగానే పిల్లలు కేకలేస్తారు, పెద్దలు చేతులు జోడిస్తారు. అటూ ఇటూగా అవే రోజుల్లో, వీధి చివరి చింతచెట్టులో ఇంకో పిట్ట దిగుతుంది. దానికి ఎదురుచూసేవాళ్లు లేరు. దాని చూపుతో కలిసొచ్చే శుభమేదీ పంచాంగంలో లేదు. ఓ తెల్లవారుజామున కొమ్మల లోపలి నుంచి ‘చ్లీ-వీ’ అని ఒక చిన్న పలుకు వినిపిస్తుంది. కాసేపాగి మళ్లీ అదే పలుకు. ఇక ఉగాది దాటేదాకా ఆ పలుకు ఆ చెట్టును వదలదు.

దసరాకు పిలిచిన కొత్తల్లుడు సంక్రాంతి దాకా కదలకపోతే అత్తవారింట్లో గుసగుసలు మొదలవుతాయి. ఈ చుట్టం ఆరు నెలలపైనే ఉంటుంది. అరిసెలడగదు, అలగదు. వచ్చిందనీ తెలియదు, వెళ్లిందనీ తెలియదు. అంతకాలం మన నెత్తిమీద కాపురముండి, మన చేత ఒక్కసారి కూడా తలెత్తి చూపించుకోని చుట్టం ఇంకెవరున్నారు?

పక్షుల పుస్తకాల్లో దీని పేరు గ్రీనిష్ వార్బ్లర్. చెట్ల ఆకుల్లో పురుగులేరుకుని బతికే చిన్న పాటపిట్టల కుటుంబం ఒకటుంది, శాస్త్రవేత్తలు దాన్ని ఫిల్లోస్కోపిడే అంటారు. ఆ కుటుంబంలో దాదాపు ఎనభై జాతులున్నాయి. మన చింతచెట్టు చుట్టం వాటిలో ఒకటి. పొడవు నాలుగంగుళాలు. బరువు సుమారు ఎనిమిది గ్రాములు, అంటే కిరాణాకొట్టువాడు తీసుకోవడానికి మొహం చిట్లించే పది రూపాయల బిళ్లంత. వెన్ను మీద ముదురాకు రంగు, కింద మాసిన తెలుపు, కంటి మీద కనుబొమలా ఒక లేత పసుపు గీత, రెక్క మీద ఉందా లేదా అనిపించే సన్నని చార. అంతే దాని అలంకారం. చింతాకుల నీడలో అది నిలబడితే ఆకేదో పిట్టేదో చెప్పలేం. అయినా అది నిలబడితే కదా!

ఇంత చిన్న ప్రాణి ఎక్కణ్నుంచి వస్తోందో తెలుసుకుంటే తలెత్తి చూడబుద్ధవుతుంది. వీటిలో కొన్ని హిమాలయ సానువుల నుంచి దిగుతాయి. ఇంకొన్ని మరీ పైనుంచి, ఉరల్ పర్వతాల చుట్టుపట్ల నుంచీ సైబీరియా అడవుల నుంచీ వస్తాయి. అక్కడ వేసవిలో నాచుపట్టిన గట్టువారనో, చెట్టు వేళ్ల సందుల్లోనో పక్క వాకిలి పెట్టి, గుండ్రని గూడు కట్టి పిల్లల్ని లేపుతాయి. ఎండాకాలం ముగిసి అక్కడ పురుగు తగ్గుముఖం పట్టగానే బయల్దేరతాయి. వేల కిలోమీటర్ల దారి. ప్రయాణమంతా రాత్రిపూట. పగలు ఏదో ఒక చెట్టు మీద ఆగి, నాలుగు పురుగులు తిని, ఒంట్లో కాస్త కొవ్వు నిలవ చేసుకుని, చీకటి పడగానే మళ్లీ గాలిలోకి లేవడం. ఆ ఏడు పుట్టిన పిల్లకు కూడా తల్లిదండ్రులు దారి చూపించరు. ఎటు వెళ్లాలో, ఎంత దూరం వెళ్లాలో దాని ఒంట్లోనే రాసి ఉంటుంది. పుట్టి మూడు నెలలు నిండని పిల్ల ఒంటరిగా, రాత్రివేళ, ఎన్నడూ చూడని దేశానికి బయల్దేరుతుంది.

ఈ కుటుంబంలోనే విల్లో వార్బ్లర్ అనే మరో జాతి ఉంది. మన దేశానికి మామూలుగా రాదు. దాని బరువు పది గ్రాములు. సైబీరియా తూర్పు కొసలో గూడు కట్టే ఆ పిట్టల వెన్ను మీద అతి చిన్న పరికరాలు అమర్చి చూస్తే, అవి ఒక్క ప్రయాణంలో పదమూడు వేల కిలోమీటర్ల దాకా ఎగిరి ఆఫ్రికా చేరుతున్నాయని 2018లో వెల్లడైంది. ఎండకూ గాలికీ అరిగిపోతాయనో ఏమో, ఆ పిట్ట ఏడాదికి రెండుసార్లు ఈకలన్నీ రాల్చి కొత్తవి తొడుక్కుంటుంది. పక్షుల్లో ఇది బహు అరుదు. దానికి సంక్రాంతికో కొత్తజత, దసరాకో కొత్తజత అన్నమాట.

మళ్లీ మన చింతచెట్టు దగ్గరికి వద్దాం. ఇంత దూరం వచ్చిన పిట్ట ఇక్కడ ఏం చేస్తుంది? ముందు హద్దులు చూసుకుంటుంది. ఒక పెద్ద చెట్టో, పక్కపక్కనున్న రెండు మూడు చెట్లో తనవి అనుకుంటుంది. ఆ ‘చ్లీ-వీ’ అందుకే. అది పాట కాదు, గట్టు తగాదా. ఇది నా చెట్టు, నీ చెట్టు చూసుకో అని. పక్క వేపచెట్టు మీంచి ఇంకో పిట్ట అదే పలుకుతో బదులిస్తుంది. చలికాలమంతా జంటలుండవు, ఆడదైనా మగదైనా ఎవరి హద్దు వారిదే. కోర్టులూ సర్వేయర్లూ లేకుండా ఒక్క పలుకుతో ఆరు నెలలపాటు భూమి తగాదాలు నడిపించుకోవడం మనకెప్పుడు చేతనవుతుందో!

ఈ సంగతులు తెలిసిన కథలో మన కొండలకూ చోటుంది. తర్వాతి కాలంలో షికాగో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన ట్రెవర్ ప్రైస్ తన తొలిరోజుల్లో ఆంధ్రప్రదేశ్ తూర్పు కనుమల్లో పక్షుల వెంట తిరిగాడు. ఏ ఋతువులో ఏ పక్షి ఆ కొండల మీద ఉంటుందో వివరిస్తూ 1979లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో పెద్ద వ్యాసం రాశాడు. 1981లో ఐబిస్ అనే పక్షిశాస్త్ర పత్రికలో ప్రత్యేకంగా ఈ గ్రీనిష్ వార్బ్లర్ చలికాలపు జీవితం గురించే రాశాడు. ఇలాంటి పరిశీలనల వల్లే ఈ పిట్టల నిలకడ లోకానికి తెలిసింది. కాలికి గుర్తు రింగు తొడిగి వదిలిన పిట్టల్లో కొన్ని మరుసటి ఏడు మళ్లీ అదే చోటికి వచ్చాయి. వేల కిలోమీటర్లు వెళ్లి, పిల్లల్ని పెంచి, మళ్లీ వేల కిలోమీటర్లు తిరిగొచ్చి, పాత చెట్టునే వెతుక్కుని దిగడం! పట్నంలో రెండేళ్లకోసారి అద్దె ఇల్లు మారేవాళ్లం మనం. మన వీధిలో ఎవరు పాతకాపు, ఎవరు కొత్తకాపు?

ఇంత దూరం వచ్చింది ఆకుల కోసమే, ఆకుల మీది పురుగు కోసమే. ఫిల్లోస్కోపస్ అనే గ్రీకు మాటకు అర్థం ఆకుల్ని పరికించేది అని. పేరు పెట్టినవాళ్లు దాన్ని కాసేపు గమనించే పెట్టి ఉంటారు. ఒక కొమ్మ కొస నుంచి మొదలుపెట్టి ఆకు పైన, ఆకు కింద, ఈనె వెంబడి, తొడిమ దగ్గర వెతుక్కుంటూ పోతుంది. ఒక్కోసారి గాలిలో తేలి ఆకు అడుగున అంటుకున్న పురుగును లాక్కుంటుంది. పేనుబంక, చిన్న గొంగళిపురుగు, సాలీడు, దోమంత ఈగ, ఏది దొరికినా సరే. రెక్కలు అదే పనిగా విదిలిస్తుంటుంది. నిద్రపోయే వేళ తప్ప అది ఊరికే కూర్చున్న క్షణం కనపడదు. వడ్లలో రాళ్లేరే చేతుల్ని చూసినవాళ్లకు ఆ పని తీరు వెంటనే తెలుస్తుంది. ఒక్కొక్క చాటకు ఎంత ఓపిక కావాలో, ఒక్కొక్క కొమ్మకు అంత ఓపిక.

అడవిలోనైతే ఇది ఒంటరిగానే ఏరుకోదు. ఉదయం పూట రకరకాల చిన్నపిట్టలు ఒక గుంపుగా కదులుతాయి. కొన్ని చెట్టు మొదలు చూస్తాయి, కొన్ని కొమ్మల బెరడు చూస్తాయి, కొన్ని గాలిలో ఎగిరే పురుగుల్ని పట్టుకుంటాయి. ఆకుల వంతు దీనిది. ఆ గుంపు తన హద్దులోంచి పోతున్నంతసేపూ వాటితో కలిసి తిరిగి, హద్దు దాటగానే ఆగిపోతుంది. ఊరేగింపు తమ వీధిలోంచి వెళ్తున్నంతసేపూ వెంట నడిచి, వీధి చివర దండం పెట్టి వెనక్కి తిరిగే ముసలివాళ్లలాగ.

మరి ఇంతకాలంగా వచ్చే ఈ చుట్టానికి మన భాషలో పేరేమిటి? అడిగిచూస్తే, చెట్టును ఆకుతోనూ బెరడుతోనూ గుర్తుపట్టే పెద్దలు కూడా ‘ఏదో పిట్ట’ అనేస్తారు. తప్పేమీ లేదు. పిట్ట అన్న మాట మనకు అంత విశాలమైనది. ఆ మాటకు శాస్త్రంలోనూ ఒక గౌరవం దక్కింది. రంగురంగుల రెక్కలతో నేల మీద ఆకుల్లో గెంతుతూ పురుగులేరుకునే ఒక పక్షి ప్రజాతికి 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పెట్టిన పేరు మన ‘పిట్ట’ మాటే. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఆ కుటుంబంలోని పక్షులన్నిటినీ పక్షిశాస్త్రజ్ఞులు ఈనాటికీ తెలుగులోనే పిలుస్తున్నారు. లోకానికి ఒక పేరు అప్పిచ్చిన భాష, తన వాకిట్లోకి వచ్చిన పిట్టకు ఒక పేరు దాచుకోలేదు.

ఎందుకు దాచుకోలేదంటే, చూడటానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి కనుక. ఈ చిక్కు మనదొక్కరిదే కాదు. ఇంగ్లండులో హాంప్‌షైర్ ప్రాంతపు సెల్‌బోర్న్ అనే చిన్న పల్లెలో గిల్బర్ట్ వైట్ అనే చర్చి గురువు ఉండేవాడు. ఆ కాలంలో అక్కడి జనం ఇలాంటి ఆకుపచ్చ పిట్టలన్నిటినీ ఒకే పేరుతో పిలిచేవాళ్లు. ఆయన తోటల్లో నిలబడి విన్నాడు. ఒకటేమో రెండు ముక్కల పలుకును గడియారంలా మళ్లీ మళ్లీ కొడుతోంది. ఇంకొకటి పైనుంచి కిందికి జారే మెత్తని పాట పాడుతోంది. మూడోది ఎత్తయిన చెట్ల కొసన రెక్కలు వణికిస్తూ సన్నగా గీరినట్టు కూస్తోంది. రూపంలో వెంట్రుకవాసి తేడా, గొంతులో ఆకాశమంత తేడా. ఇవి మూడు వేరువేరు పక్షులని 1768లో ఒక ఉత్తరంలో రాశాడు. ఆ ఉత్తరాలన్నీ కలిపి 1789లో పుస్తకంగా వచ్చాయి. పిట్టల్ని చూడటానికి దుర్భిణి వాడని రోజుల్లో, ఊరు విడిచి పెద్దగా పోని మనిషి, చెవి ఒగ్గి తేల్చిన నిజం ఇది.

ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా గడిచినా ఈ కుటుంబంలో చెవి పని తీరలేదు. హిమాలయాల నుంచి చైనా దాకా కళ్లచుట్టూ బంగారు వలయమున్న ఒక పిట్టను అందరూ ఒకే జాతి అనుకునేవారు. 1999లో పెర్ ఆల్‌స్ట్రోమ్, ఉర్బన్ ఓల్సన్ అనే స్వీడన్ పరిశోధకులు పాటలు పోల్చి చూసి, అది ఒకటి కాదు, అనేకం అని విడదీశారు. కాంగ్రెస్ సంస్థ పుట్టుకకు కారకుడిగా మన పిల్లలు పాఠాల్లో చదువుకునే ఏ.ఓ. హ్యూమ్ పేరు మీద కూడా ఇందులో ఒక పిట్ట ఉంది. ఆయనకు రాజకీయాల కన్నా ముందు పక్షుల పిచ్చి. చింతచెట్టు చుట్టానికి శాస్త్రం పేరు పడింది కూడా దాని పుట్టింట్లో కాదు. 1837లో సుందెవాల్ దానికి పేరు పెట్టింది చలికాలపు విడిది కలకత్తాలో దొరికిన పిట్టను చూసి. అంటే లోకం దాన్ని తొలిసారి గుర్తుపట్టింది అతిథిగానే.

అన్నీ ఒక్కలాగే ఉన్నాయి అన్న మాటలో పిట్టల సంగతి కన్నా మన చూపు సంగతే ఎక్కువ. అదింకా తేటగా తెలియాలంటే ఈ చుట్టం పుట్టింటి కథ ఒకటి వినాలి.

మధ్య ఆసియాలో టిబెట్ పీఠభూమి చెట్లు లేని ఎత్తైన బయలు. చెట్టు లేనిచోట ఆకుల మీద ఏరుకుతినే ఈ పిట్ట బతకదు. కనుక ఇది ఆ బయలు చుట్టూ అడవులున్న మేర ఉంగరంలా పరుచుకుని ఉంది. దక్షిణాన హిమాలయాలు. అక్కణ్నుంచి పడమటి చేయి కశ్మీర్, మధ్య ఆసియా కొండల మీదుగా సైబీరియాకు చేరుతుంది. తూర్పు చేయి చైనా కొండల మీదుగా సైబీరియాకు చేరుతుంది. హిమాలయాల నుంచి ఏ చేయి వెంట నడిచినా పిట్ట పాట కొంచెం కొంచెంగా మారుతూ, ఉత్తరానికి పోయేకొద్దీ పొడుగవుతూ, చిక్కబడుతూ ఉంటుంది. ఈ ఊరి పిట్ట పాట పక్క ఊరి పిట్టకు అర్థమవుతుంది. ఆ పక్క ఊరిది ఆ పై ఊరికి అర్థమవుతుంది. ఎక్కడా గీత గీసి ఇక్కణ్నుంచి వేరు అనలేం. కానీ రెండు చేతులూ సైబీరియా నడిమధ్య మళ్లీ కలిసేసరికి, పడమటి పిట్ట పాట తూర్పు పిట్టకు చెవికెక్కదు. ఒకే అడవిలో ఉంటూ, ఒకదాని పాటకు ఒకటి పలకకుండా, రెండు వేరు జాతుల్లా మసలుకుంటాయి.

క్లాడ్ టైస్‌హర్స్ట్ అనే బ్రిటిష్ పక్షిశాస్త్రజ్ఞుడు 1938లోనే ఈ సంగతి ఊహించాడు. 2001లో డారెన్ ఇర్విన్ తన సహచరులతో కలిసి, రికార్డు చేసిన పాటల్ని ఉంగరం పొడుగునా పిట్టలకు వినిపించి, నేచర్ పత్రికలో రుజువులు ప్రకటించాడు. ఆ సహచరుల్లో మన తూర్పు కనుమల్లో తిరిగిన ట్రెవర్ ప్రైస్ కూడా ఒకరు. తర్వాత 2014లో జన్యువుల్ని లోతుగా చదివినప్పుడు, ఆ గొలుసు మనం అనుకున్నంత ఏకధాటిగా రాలేదనీ, గతంలో అక్కడక్కడ తెగి మళ్లీ అతుక్కుందనీ తేలింది. కథ కాస్త చిక్కుపడింది గానీ, అందం తగ్గలేదు.

ఈ కథ తెలుగువాడికి కొత్తగా అనిపించకపోవచ్చు. ఆమడకో యాస మనది. ఇచ్ఛాపురంలో బస్సెక్కి ఒక్కో ఊళ్లో దిగుతూ హిందూపురం దాకా వెళ్లండి, లేదా ఆదిలాబాద్ నుంచి అలంపూర్ దాకా. ఏ ఊరివాడి మాటా పక్క ఊరివాడికి వింత కాదు. నడిమధ్య ఊళ్లన్నీ తీసేసి రెండు కొసల వాళ్లను ఎదురెదురుగా కూర్చోబెడితే మాత్రం కాసేపు నవ్వులు, కాసేపు తికమక. పిట్టలకు, మనకు ఒక్కటే తేడా. అక్కడ కొసలు కలిసినచోట ఒకదాని పాట ఒకటి వినిపించుకోవు. మనకు వినిపించుకునే వీలు ఇంకా ఉంది. నడిమధ్య ఊళ్లు చెరిగిపోకుండా ఉన్నంతకాలం ఉంటుంది కూడా.

ఇక్కడ మన వాడుకలోని ఒక మాట గురించి చెప్పుకోవాలి. ఎన్నికలొస్తే పత్రికల్లో, టీవీల్లో, సభల్లో ‘వలస పక్షులు’ అన్న మాట మారుమోగుతుంది. టికెట్ కోసం పార్టీ మారినవాడు వలస పక్షి. ఊరు కాని ఊళ్లో పోటీకి దిగినవాడు వలస పక్షి. ఇలాంటి శీర్షికలు పత్రికలవాళ్లం మేమూ పెట్టినవే, కనుక ఈ తప్పులో మా వాటా మాకుంది. నిజం వలస పక్షిని ఒక చలికాలం గమనించినవాడికి ఈ తిట్టు నోటికి రాదు. గాలి ఎటు వీస్తే అటు తిరిగేది కాదది. ఎదురుగాలిలోనూ తన దారి తనది. గెలిచే చెట్టు చూసి వాలదు, పోయినేడు వాలిన చెట్టునే వెతుక్కుంటుంది. వలసకూ నిలకడకూ పడదని మనం అనుకుంటాం. ఆ పిట్టకు వలసే నిలకడ.

వలస అన్న మాటకు మన నేల మీద ఇంకో బరువు కూడా ఉంది. దసరా, దీపావళి వెళ్లాక ఒడిశాలోని బలంగీర్ ప్రాంతం నుంచి కుటుంబాలు మూటాముల్లెతో మన ఇటుక బట్టీలకు చేరతాయి. ఎండలు ముదిరి వానల కబురు వచ్చేవేళకు తిరిగిపోతాయి. పాలమూరు కూలీలు తరాలుగా దేశమంతా మట్టి మోశారు, సిక్కోలు నుంచి బతుకుతెరువుకు బయటి రాష్ట్రాలకు పోయే రైళ్లు ఇప్పటికీ నిండుగానే ఉంటాయి. అంటే ఈ ప్రయాణం మనకు రెండు వైపుల నుంచీ తెలుసు. అయినా మన ఊరి శివారు బట్టీలో ఆరు నెలలుండి పోయే మనుషుల్ని ‘వలసోళ్లు’ అని ఒకే మాటలో కట్టేస్తాం. వాళ్లలో ఏ ఊరివాళ్లెవరో, ఏ పాట పాడతారో, నిరుడొచ్చిన పిల్లాడే మళ్లీ వచ్చాడో లేదో చూడం. మనిషిని పిట్టతో పోల్చడం మనిషిని చిన్నచేయడానికి కాదు. చింతచెట్టును చూడని చూపే బట్టీ వైపూ చూడదని గుర్తుచేసుకోవడానికి.

పిట్టల లెక్క చూసేవాళ్లు ఇప్పుడు మన దేశంలో చాలామందే ఉన్నారు. దాదాపు ముప్పై వేల మంది నమోదు చేసిన పరిశీలనల ఆధారంగా 2023లో భారతదేశ పక్షుల స్థితి మీద ఒక నివేదిక వచ్చింది. దీర్ఘకాలపు లెక్క తేల్చగలిగిన 338 జాతుల్లో అరవై శాతం తగ్గుముఖం పట్టాయని అందులో ఉంది. దూరం నుంచి వచ్చే వలస పక్షులు, పురుగులు తిని బతికే పక్షులు ఎక్కువగా నష్టపోతున్న వర్గాల్లో ఉన్నాయి. మన చింతచెట్టు చుట్టంలాంటి పిట్టలు ఈ రెండు వర్గాలకూ చెందుతాయి. సైబీరియాలో అడవి తరిగినా వాటికే దెబ్బ, దారిలో ఆగే చెట్టు పడిపోయినా వాటికే దెబ్బ, మన వీధిలో పురుగు లేకపోయినా వాటికే దెబ్బ.

ఇందులో మన చేతిలో ఉన్నది చివరిదే. తీగలకు అడ్డమని ఏటా కొమ్మలు నరికి మొండెం మిగులుస్తాం. రోడ్డు వెడల్పు పేరుతో తాతల నాటి చింతల్నీ, మర్రుల్నీ కూల్చేసి, బదులుగా నడిరోడ్డు దిమ్మెల మీద పురుగంటని పరదేశపు మొక్కలు నాటుతాం. ఊడ్చే పని లేదని, ఆకు తినే పురుగు లేదని సంబరపడతాం. పురుగే పట్టని చెట్టు పిట్టకు పొయ్యి వెలగని ఇల్లు. చేవెళ్ల దారిలో వందల మర్రిచెట్లను కాపాడుకోవడానికి మామూలు మనుషులు ఏళ్ల తరబడి కాగితాలు పట్టుకుని తిరిగారు. వాళ్లను చూసి ‘చెట్ల కోసం ఇంత గొడవా’ అన్నవాళ్లున్నారు. ఆ చెట్లలో దసరాకు వచ్చి దిగే చుట్టాలెన్నో వాళ్లకు తెలిసి ఉంటే అలా అనేవాళ్లు కాదేమో.

ప్రపంచ వలస పక్షుల దినోత్సవాన్ని ఏటా రెండుసార్లు, మే నెలలో, అక్టోబరులో రెండో శనివారం జరుపుతున్నారు. పోవడానికొకటి, రావడానికొకటి. మన దగ్గర అక్టోబరు దినోత్సవం దసరా రోజుల్లోనే పడుతుంటుంది. దానికి సభలూ బ్యానర్లూ అక్కర్లేదు. ఆ వారంలో ఓ తెల్లవారుజామున, మైకులు మోగకముందే, ఇంటి దగ్గరి పెద్దచెట్టు కింద పది నిమిషాలు నిలబడితే చాలు. కాకి గోల, గోరింకల గొడవ, ఉడతల చిటచిట పక్కకు పెట్టి వినాలి. మొదటిరోజు ఏమీ వినిపించదు. మూడోరోజు ఒక పలుకు విడిగా తెలుస్తుంది. వారానికి అది ఏ కొమ్మ మీంచి వస్తోందో తెలుస్తుంది. నెలకు పక్క చెట్టులోంచి బదులిచ్చేది ఇంకొకటని తెలుస్తుంది. పిట్ట కొంచెం కూత ఘనం అన్నారు పెద్దలు. ఈ పిట్ట కూత ఘనమైనదేమీ కాదు. చెవి పెట్టినవాడికి తప్ప అందదు.

అలా చెవి పెట్టినవాళ్లకు చివర్లో ఒక కానుక కూడా ఉంది. వేపపూత రాలే రోజుల్లో, ఉగాది పచ్చడి అటూ ఇటూగా, ఆరు నెలలుగా ఒక్క పలుకుతో నెట్టుకొచ్చిన ఆ పిట్ట ఒక్కోరోజు ఉన్నట్టుండి పాట ఎత్తుకుంటుంది. గబగబా, ముక్కలు ముక్కలుగా, గొంతు సరిచేసుకుంటున్నట్టు. ఆ పాట మనకు కాదు. ఎక్కడో మంచు కరుగుతున్న అడవిలో, ఇంకా కలవని జత కోసం. మనం వినేది సాధన మాత్రమే. అలా రెండు మూడు రోజులు పాడుతుంది. ఆ తర్వాత ఒక ఉదయం చెట్టు కింద నిలబడితే చింతచిగురు కోసే వాళ్ల మాటలు, కోయిల కూత, ఆ మధ్యలో ఎక్కడా ‘చ్లీ-వీ’ ఉండదు. నిన్న రాత్రి ఎప్పుడో, ఊరంతా నిద్రలో ఉండగా, అది బయల్దేరి ఉంటుంది. ఆ ఉదయం చెట్టు కాస్త బోసిగా అనిపిస్తే, మన ఇంటికి చుట్టం వచ్చి వెళ్లినట్టే.